బానెట్ మీద డబ్బా

నేను తినలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లు సగంలో ఆపి, "అంతా బాగానే ఉంది గానీ, చాటుగా ఏదో ఒకటి తినే ఉంటావులే" అంటారు. ఇప్పటికే చాలామంది అన్నారు. మా డిపో డాక్టరుగారు అన్నారు. మా ఆయన అన్నారు. నా బస్సులో టికెట్లు కొట్టే కండక్టరు బాబాయ్ నవ్వుతూ అన్నాడు. మా అత్తగారు మాత్రం పైకి అనలేదు. కానీ ఆవిడ చూసిన చూపు ముందు ఆ ముగ్గురి మాటలూ ఏ మూలకీ రావు.

నేను సిటీ బస్సు నడుపుతాను. డిపోలో నన్ను హారనక్క అంటారు. హారన్ ఎక్కువ కొడతానని కాదు, నా గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందని. కోపం వస్తే కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం నేను వేరే మనిషిని. అడ్డం వచ్చిన స్కూటరు వాణ్ణి కూడా పల్లెత్తు మాట అనను. రోజంతా అంతమంది ప్రాణాలు నా చేతుల్లో ఉన్నాయన్న బరువు నన్ను ఒక మనిషిగా నిలబెట్టింది. ఆ సీటు నాకు ఊరికే రాలేదు. ఆడదాని చేతికి బస్సా అని నవ్విన డిపో అది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నన్నాళ్లూ చంటిపిల్లని ఒళ్లో వేసుకుని కూర్చున్నది మా అత్తగారే. పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, నేను ఇంకా ఆ సీటులోనే ఉన్నాను.

నాకు షుగర్ బయటపడ్డాక డిపో ఆసుపత్రిలో మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలన్నారు. వేలు పొడిచి అప్పటికప్పుడు చూసేది కాదు, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష. ముందురోజు కడుపు మాడ్చుకుని దాన్ని మాయ చెయ్యలేం. ఒకసారి పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరుగారు కాగితం చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

"మళ్లీ పెరిగిందమ్మా."

"మాత్రలు వేళకి వేసుకుంటున్నాను సార్."

"స్వీట్లు?"

"ముట్టుకోను."

"బిస్కెట్లు, కూల్ డ్రింకులు..."

"మా ఇంట్లో చక్కెర డబ్బాయే లేదు సార్. మా అత్తగారు తూకం వేసి మరీ పెడతారు."

ఆయన నవ్వారు. ఆ నవ్వుంది చూశారూ, ఒళ్లంతా కారం రాసినట్టయింది నాకు. "అందరూ ఇలాగే చెప్తారమ్మా. రక్తం మాత్రం అబద్ధం చెప్పదు" అన్నారు. తర్వాత నవ్వు ఆపేసి అసలు సంగతి చెప్పారు. వచ్చే పరీక్షకి ఆ అంకె కిందికి దిగాలి. దిగకపోతే ఆయన సంతకం పెట్టరు. సంతకం లేకపోతే నా చేతికి బస్సు ఇవ్వరు, టికెట్ల కౌంటర్లో కూర్చోబెడతారు.

"కళ్లు తిరిగి స్టీరింగ్ మీద వాలిపోయారనుకోండి, మీ వెనకాల బస్సు నిండా జనం" అన్నారు.

ఆయన చెప్పింది న్యాయమే. నేను తినలేదన్నదీ నిజమే. ఆ రెండిటి మధ్యా ఇరుక్కుని నోరు మూసుకుని బయటికొచ్చాను. అది నాకు ఎంత అలవాటు లేని పనో డిపోలో ఎవరినడిగినా చెప్తారు.

మా అత్తగారు పెద్దాసుపత్రి వంటశాలలో పనిచేసి రిటైరయ్యారు. వందలమంది రోగులకి వేళ తప్పకుండా భోజనం పంపించిన చేతులవి. అక్కడి పద్ధతి ఇప్పటికీ ఆవిడ ఒంట్లో ఉంది. పొయ్యి మీంచి దించింది దించినట్టే, పొగలు కక్కుతుండగానే, ప్లాస్టిక్ డబ్బాలో పోసేస్తారు. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగుతుగా లాగి, మూత టప్పుమని నొక్కుతారు. గాలి చొరబడకూడదు, ఈగ వాలకూడదు, చెయ్యి తగలకూడదు. వేడి మీద మూసిందే శుభ్రమైన తిండి అని ఆవిడ నమ్మకం. ఆ డబ్బాలు కూడా మామూలువి కావు. రిటైరైన రోజున వంటశాల వాళ్లంతా కలిసి ఇచ్చిన సెట్టు. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి, నీలం మూతలు. కొత్త కోడలికి నగలు చూపించినట్టు వాటిని చుట్టాలకి చూపించడం నేను కళ్లారా చూశాను.

ఆ సాయంత్రం సంగతి చెప్పగానే మా ఆయన టీవీ కట్టేశారు. ఆయన చెప్పుల షాపులో పనిచేస్తారు. మనుషుల్ని నొప్పించకుండా మాట్లాడటం ఆయన వృత్తి.

"పోనీ, పొరపాటున ఎప్పుడైనా... ఎవరో పుట్టినరోజని చేతిలో పెడితే, కాదనలేక..." అని నీళ్లు నమిలారు.

"పెట్టలేదు, తినలేదు!" అని ఒంటికాలి మీద లేచాను. "మీకెన్నిసార్లు చెప్పాలి? రాసివ్వాలా?"

"అబ్బే, నేనన్నది..."

"వాణ్ణెందుకంటావ్ లేవే" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా మండింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మీ మామగారూ ఇలాగే చెప్పేవారమ్మా" అన్నారు.

మా మామగారు లిఫ్టు మెకానిక్కు. ఆయనకి షుగర్ వచ్చాక, పనిముట్ల పెట్టెలో స్పానర్ల కింద చాక్లెట్లు దొరికాయి. ఇక తిననన్నారు. కానీ షుగర్ తగ్గలేదు. ముందు కాలి వేళ్లు పోయాయి, తర్వాత పాదం, తర్వాత మనిషే పోయారు. ఇదంతా నాకు తెలిసిందే. మా ఇంట్లో 'పనిముట్ల పెట్టె' అంటే చాలు, అబద్ధం అని అర్థం.

"నా పెట్టెలో ఏం లేవు అత్తయ్యా" అన్నాను.

"లేకపోతే మంచిదే" అన్నారావిడ. నమ్మలేదని చెప్పడానికి అంతకంటే మంచి మాట ఇంకొకటి లేదు.

అప్పట్నుంచి ఇల్లు ఆసుపత్రి వార్డయింది. పొద్దున్నే వేలు పొడిచి చూసుకోవడం, ఆ అంకె చూసి ఆవిడ పెదవి విరవడం. కొలతలు ఇంకా బిగించారు. ప్రతి పూటా ఒకేలా ఉండాలని, 'చక్కెర లేదు' అని పెద్ద అక్షరాలు రాసి ఉన్న, సీలు వేసి అమ్మే రేకు డబ్బాల చిక్కుళ్లు, చేపలు తెచ్చి అరల నిండా పేర్చారు. వాటిని నూనెతో సహా వేడి చేసి, ఉడికించిన కూరగాయలు కలిపి, ఎప్పట్లాగే పొగలు కక్కుతుండగా నీలం మూత డబ్బాలో నొక్కి నా సంచిలో పెట్టేవారు. నేను ఎదురు మాట్లాడకుండా అదే తినేదాన్ని. అయినా పొద్దుటి అంకె బెట్టు చేసి కూర్చుంది, ఒక్క మెట్టు దిగదు. నా కడుపులో ఆకలి, గుండెలో భయం. రోడ్డు మీద ప్రతి మలుపూ 'ఇంకెన్నాళ్లు' అని అడుగుతున్నట్టే ఉండేది. స్టాండులో బస్సు ఆపినప్పుడల్లా టికెట్ల కౌంటర్ వైపు చూడకుండా తల తిప్పుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున బస్సు స్టాండులోంచి తీయబోతుంటే, ముందు తలుపులోంచి మా అత్తగారు ఎక్కారు. చేతిసంచి, గొడుగు, పెద్దవాళ్ల పాసు. సరిగ్గా నా పక్కనున్న మొదటి సీటులో, నన్ను చూసేందుకు వీలుగా పక్కకి తిరిగి కూర్చున్నారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"నీ పని నువ్వు చూసుకో."

బాబాయ్ టికెట్ల మిషను పట్టుకుని వచ్చాడు. "ఎక్కడ దిగాలి పెద్దమ్మా?"

"అది ఎక్కడ తింటుందో అక్కడ" అన్నారావిడ.

బాబాయ్ మొహం తిప్పుకుని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల సర్వీసులో తాగుబోతులు ఎక్కారు, దొంగలు ఎక్కారు, ఒకసారి మేక కూడా ఎక్కింది. కాపలా కాయడానికి అత్తగారు ఎక్కడం ఇదే మొదలు. అటు చివరికి వెళ్లాం, ఇటు చివరికి వచ్చాం. ఆవిడ కునుకు తియ్యలేదు. టీ కొట్టు దగ్గర ఆపితే వెంట దిగారు. నేను చక్కెర లేని టీ తాగాను, ఆవిడ నా గ్లాసులో చివరి గుక్క తీసుకుని రుచి చూశారు. అప్పుడు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం భోజనానికి చివరి స్టాపులో ఆపి, పక్కనున్న బానెట్ మీంచి నా డబ్బా తీశాను. మా పాత బస్సులకి ఇంజను ముందే ఉంటుంది. డ్రైవరు పక్కన దాని మీద కప్పిన పెద్ద రేకు మూతే బానెట్. బస్సు నడుస్తున్నంతసేపూ అది కాలుతూనే ఉంటుంది. డ్యూటీ ఎక్కగానే డ్రైవర్లమంతా డబ్బాలు దాని మీద పెట్టేస్తాం. మధ్యాహ్నానికి తిండి పొయ్యి మీంచి దించినంత వేడిగా ఉంటుంది. నాకు ముందువాళ్లు అలాగే చేశారు, నాకు నేర్పినాయన కూడా మొదట చూపించింది బ్రేకు కాదు, డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో.

మూత తియ్యబోతే రాలేదు. పొద్దుట్నుంచీ ఉడికి మెత్తబడి అంచు వంకరపోయింది. గోరు పెట్టి లాగితే ఊడి వచ్చింది. లోపలి ప్లాస్టిక్ కాగితం జారిపోయి చేపల నూనెలో తేలుతోంది. కొత్త చెప్పుల వాసన లాంటిది ఒకటి గుప్పున కొట్టింది. నాకది అలవాటే. ఆ కాగితం వేళ్లతో తీసి పక్కన పెట్టి తినబోయాను.

"ఆగు" అన్నారు అత్తగారు. "దీన్ని రోజూ ఇక్కడే పెడతావా?"

"అందరం ఇక్కడే పెడతాం."

"నా డబ్బాని వంకర తిప్పేశావు కదే!"

నాకు తిక్క రేగింది. "డబ్బా సంగతి తర్వాత అత్తయ్యా. పొద్దుట్నుంచీ చూస్తున్నారుగా, ఏమైనా తిన్నానా? చెప్పండి, బాబాయ్ కూడా వింటాడు. తిన్నానా?"

ఆవిడ నా వైపు చూశారు. ఎండకి ఆవిడ మొహం కందిపోయి, జుట్టు రేగిపోయి ఉంది.

"తినలేదు" అన్నారు.

ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్లు మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. ఇంకా దిగులుగా, "మరి ఎక్కణ్ణుంచి వస్తోందే?" అన్నారు. నేను దొంగనైతే ఆవిడకి పని సులువు. దొంగని పట్టుకుంటే సరిపోయేది.

ఆ వారమే ఇద్దరం కలిసి డిపో ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారి దగ్గరికి కాదు, మేడ మీద తిండి సంగతులు చెప్పే అమ్మాయి దగ్గరికి. మా హాస్టల్ పిల్ల కంటే నాలుగేళ్లు పెద్దదేమో. నేను ఎంత తింటున్నానో రుజువు చూపించడానికి అత్తగారు ఆ వంకర డబ్బాని సంచిలో తెచ్చారు. బల్ల మీద పెట్టి, "ఇదిగో, ఇంతే. ఇంతకి మించి ఒక్క మెతుకు పెట్టను" అన్నారు.

ఆ అమ్మాయి తిండి సంగతి అడగనే లేదు. డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెలా వంకరపోయింది?" అంది.

చెప్పాం. ఒకరి మాటకి ఇంకొకరం అడ్డం పడుతూ, పొగలు కక్కే తిండి పొయ్యడం దగ్గర్నుంచి బానెట్ దాకా అంతా చెప్పాం. డబ్బా చేపలూ, డబ్బా చిక్కుళ్లూ కూడా. ఆ అమ్మాయి వింటూ వింటూ పెన్ను కింద పెట్టేసింది.

"ఇప్పటిదాకా మిమ్మల్ని అందరూ ఏం తింటున్నారనే అడిగారు కదండీ. దేంట్లో తింటున్నారని ఎవరూ అడగలేదా?"

"దేంట్లో తింటే ఏముందమ్మా?" అన్నారు అత్తగారు.

ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంతవరకూ ఇది. కొన్ని ప్లాస్టిక్కుల్లో, తిండి సీలు వేసి అమ్మే కొన్ని రేకు డబ్బాల లోపలి పూతలో, గట్టిగా ఉండటానికో మెత్తగా వంగడానికో రసాయనాలు కలుపుతారు. వేడి తగిలినా, నూనె తగిలినా అవి కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతాయి. కంటికి కనపడవు. వాటిలో కొన్ని, మన ఒంట్లో హార్మోన్లు చేసే పనిలో వేలు పెడతాయట.

"అంటే?" అన్నాను.

"హార్మోన్లంటే ఒంట్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే కబుర్లండీ. ఇన్సులిన్ కూడా అలాంటిదే. చక్కెరని లోపలికి తీసుకోమని కబురు చెప్తుంది. ఇవి మధ్యలో దూరి ఆ కబురుని తికమక చేస్తాయి."

నాకు వెంటనే మా బాబాయ్ గుర్తొచ్చాడు. బస్సులో నేను వెనక్కి చూడను. బాబాయ్ "రైట్ రైట్" అంటే పోనిస్తాను, "హోల్డాన్" అంటే ఆపుతాను. జనంలోంచి ఇంకెవడో అచ్చం బాబాయ్ గొంతుతో "రైట్" అంటే నేనేం చేస్తాను? పోనిస్తాను. తలుపు దగ్గర కాలు పెట్టినవాడు పడిపోతాడు. తప్పు బాబాయ్‌దీ కాదు, నాదీ కాదు. ఆ మాటే చెప్తే ఆ అమ్మాయి నవ్వి, "దాదాపు అంతేనండీ" అంది.

"అయితే నా షుగర్‌కి కారణం ఇదేనా?" నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరుగారి బల్ల మీద ఈ డబ్బా పెట్టి నాలుగు దులిపెయ్యాలని చేతులు దురదపెట్టాయి.

"అలా చెప్పలేనండీ" అంది ఆ అమ్మాయి. "ఇలాంటివి ఒంట్లో ఎక్కువగా ఉన్నవాళ్లలో షుగర్ కూడా ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. దేనివల్ల ఎంత అన్నది ఇంకా తేలాలి. మీరు రోజంతా కూర్చునే ఉంటారు, అదీ ఉంది. వంశం ఉంది, వేళ తప్పిన నిద్ర ఉంది. ఇది కూడా వాటిలో ఒకటి కావచ్చు. పైగా ఇది మన చేతిలో ఉన్నది. మానేస్తే పోయేదేం లేదు కదా."

నా ఉత్సాహం సగం చల్లారింది. మా అత్తగారు మాత్రం ఆ డబ్బా వంకే చూస్తున్నారు. నీలం మూత అంచుని బొటనవేలితో తడుముతూ, "మా ఆయనకీ ఇలాంటి డబ్బాలోనే పెట్టేదాన్నమ్మా" అన్నారు. "ఇలాగే, వేడివేడిగా. లిఫ్టుల గది ఉక్కపోతగా ఉంటుంది, తిండి పాడైపోతుందని ఇంకా గట్టిగా మూసేదాన్ని."

ఆ అమ్మాయి లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "ఒక్క డబ్బా వల్ల మనిషి పోడు పెద్దమ్మా. అలా అనుకోకండి" అంది.

"అనుకోనులే" అన్నారు అత్తగారు. దారి పొడుగునా ఆ డబ్బాని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు.

నాకు ఆ రాత్రంతా కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలిస్తే బాగుండేది. చేపల డబ్బా మీద 'చక్కెర లేదు' అని అరచెయ్యంత అక్షరాలు రాశారే, లోపలి పూత దేంతో చేశారో చీమ తలకాయంతైనా రాయలేదేం? తిన్నావా తిన్నావా అని నన్ను బోనెక్కించిన లోకం, ఆ పక్కనే కూర్చున్న డబ్బాని ఒక్క ప్రశ్న అడగలేదు. మా అత్తగారు ఏం పాపం చేశారు? శుభ్రం అనుకుని మూశారు. నేనేం చేశాను? వేడిగా తిందామని పెట్టాను. ఇద్దరం మంచి పనే అనుకున్నాం. అలాంటప్పుడు ఎవరిని తిట్టాలో చెప్పండి, నేను తిడతాను, నా గొంతు సంగతి తెలుసుగా.

పొద్దున లేచేసరికి అరలు ఖాళీగా ఉన్నాయి. డబ్బా చేపలు లేవు. నీలం మూతల సెట్టు మొత్తం నేల మీద పరిచి, అత్తగారు ఒకదాంట్లో దారపు ఉండలు, ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో గుండీలు సర్దుతున్నారు. పారెయ్యడానికి చేతులు రాలేదు పాపం.

అప్పట్నుంచి ఎండు చిక్కుళ్లు ముందురోజే నానబెట్టడం, తాజా చేప తేవడం మొదలుపెట్టారు. నాకు స్టీలు డబ్బా వచ్చింది. తిండి చల్లారేదాకా మూత పెట్టకుండా విసనకర్రతో ఆవిడ కాపలా. వేడి మీద మూయకపోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు, చెయ్యి దానంతటదే మూత వైపు పోయేది. నేను చివరి స్టాపులో కూర్చోవడం మానేసి, స్టాండు చుట్టూ నడవడం మొదలుపెట్టాను. బాబాయ్ మొదట్లో వెక్కిరించాడు. తర్వాత తన డబ్బా కూడా బానెట్ మీంచి మెల్లగా తీసేశాడు. మా ఆయన రోజూ పొద్దున వేలు పొడిచే వేళకి గుమ్మంలో నిలబడేవారు, నోరెత్తకుండా. పొద్దుటి అంకె కొన్నాళ్లు దిగింది, కొన్నాళ్లు ఎక్కింది. దాన్ని చూసి సంబరపడటం, ఏడవటం రెండూ మానేశాను. అసలు తీర్పు ఆ సగటుది.

పరీక్ష రోజు అత్తగారు నాతో వచ్చారు. వద్దన్నా వినలేదు. డాక్టరుగారి గదిలో నా పక్క కుర్చీలో గొడుగు నిటారుగా పట్టుకుని కూర్చున్నారు. ఆయన కవరు ఇంకా విప్పలేదు. ఇంకో నిమిషంలో నేను డ్రైవర్నో కాదో తేలిపోతుంది.

"విప్పేముందు ఒక్క మాటమ్మా" అన్నారాయన. "ఈసారైనా నిజం చెప్పండి. స్వీట్లు..."

"తినదు."

అది నా గొంతు కాదు. మా అత్తగారిది. గొడుగు నేలకి టక్కుమని కొట్టి మరీ చెప్పారు. "తినదని నేను చెప్తున్నాను. అందులో ఏ అంకె ఉన్నా సరే. ఎక్కువొచ్చినా సరే. తినదు."

డాక్టరుగారు బిత్తరపోయారు. నేను ఆవిడ వైపు తిరిగి చూడలేకపోయాను. చూస్తే అక్కడే భోరుమనేదాన్ని. ఆయన కవరు చించారు, కళ్లజోడు దించుకున్నారు, రెండుసార్లు చదివారు.

"తగ్గింది" అన్నారు. "మరీ అంత కాదు. కానీ గీత దాటి కిందికొచ్చింది. సంతకం పెడతాను, మళ్లీ మూడు నెలలకి రండి." సంతకం పెడుతూ ఆయన మొహం విప్పారింది. "చూశారా? స్వీట్లు మానేస్తే ఎలా దిగిందో!"

"మానెయ్యడానికి తింటేగా డాక్టరుగారూ!" అన్నారు అత్తగారు.

నేను నవ్వాను. వసారాలోకి వచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాను. కాగితం గుండెలకి హత్తుకుని స్టాండు దాకా ఇంచుమించు పరుగెత్తాను. మధ్యాహ్నం డ్యూటీ నాదే. బస్సు ఎక్కి, స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అత్తగారు కూడా ఎక్కి ఆ మొదటి సీటులోనే కూర్చున్నారు. ఇంటికి వెళ్లే దారే అది.

"ఇంకా కాపలాయేనా?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. ఖాళీ బానెట్ వంక చూస్తున్నారు.

"మీ మామగారి పెట్టెలో చాక్లెట్లు దొరికింది ఒక్కసారేనే" అన్నారు.

నేను ఇంజను స్టార్టు చెయ్యబోయి ఆగాను.

"ఆ తర్వాత తిననన్నారు. షుగర్ పెరిగినప్పుడల్లా నేను ఆ పెట్టె వెతికేదాన్ని, ఎప్పుడూ ఏం దొరకలేదు. ఇంకెక్కడో దాచారనుకున్నాను. పాదం తీసేసిన రోజు కూడా నా చెయ్యి పట్టుకుని అదే మాట చెప్పారు. తినలేదు, నన్ను నమ్ము అని. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను."

"తిని ఉండరు అత్తయ్యా."

"తిన్నారో లేదో. ఇప్పుడు నమ్ముతానన్నా, వినడానికి మనిషి లేడుగా."

వెనక జనం ఎక్కేశారు. బాబాయ్ "రైట్ రైట్" అని అరిచాడు. నేను కదల్లేదు. ఇంకోసారి గట్టిగా అరిచాడు. ఆవిడ పైటచెంగుతో కళ్లు తుడుచుకోవడం అయ్యేదాకా ఆగి, అప్పుడు బండి కదిపాను.